డెలీషియస్ మాస్టారు

భవానీప్రసాద్ మాస్టారి ఎదుట ఎవరైనా నోరు జారి ‘డెలీషియస్’ అన్నారంటే ఆ పూట వాళ్ళ అన్నం చల్లారినట్టే. ఆయన చేతిలో ముద్ద తిరిగి పళ్ళెంలోకి వెళ్ళిపోయేది, కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కేది, కుడిచేతి చూపుడువేలు పైకి లేచేది. ఆ వేలు లేచిందంటే అవతలివాడి పప్పులో నెయ్యి పేరుకునేదాకా దిగేది కాదు.

“డెలీషియస్ అంటే రుచిగా ఉందని కాదు నాయనా,” అని మొదలుపెట్టేవారు. “అది లాటిన్లో పుట్టి, ఫ్రెంచి వాళ్ళింట్లో కొన్నాళ్ళుండి, ఇంగ్లీషులోకి వచ్చిన మాట. ‘డే’ అంటే పక్కకి. ‘లాకెరే’ అంటే ఆశపెట్టి లాగడం. మనిషిని తన దారిన తనని పోనివ్వకుండా పక్కకి లాక్కెళ్ళేదన్నమాట. ‘లాకెరే’కి దగ్గరి చుట్టం ఇంకో మాటుంది, దానికి అర్థం ఉచ్చు. నీ బూటు లేసు కూడా ఆ ఇంటి పిల్లే. ఇప్పుడు చెప్పు, ఈ వంకాయ కూర నిన్ను లాక్కెళ్ళిందా, లేదా?”

లాక్కెళ్ళిందంటే ఎక్కడికని అడిగేవారు. లేదంటే మరి ఆ మాట ఎందుకన్నావని అడిగేవారు. ‘డిలైట్’ కూడా ఆ ఇంటి మాటేనట. అందులో నడిమధ్య ఉన్న ‘జీహెచ్’ని చూస్తే ఆయనకి ఒళ్ళుమంట. పూర్వం ఆ రెండక్షరాలూ లేవట, వెలుతురు అనే అర్థమున్న ‘లైట్’ని చూసి ఎవరో పొరపాటున తగిలించారట. “వందల ఏళ్ళుగా టికెట్ లేకుండా కూర్చున్నాయయ్యా! దించేవాడు లేడు!” అని బల్ల గుద్దేవారు. పక్కవాడి మజ్జిగ గ్లాసు ఒలికేది.

జగ్గయ్యపేటలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. ఇల్లు నందిగామలో. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, నాలుగు నిఘంటువులూ మిగిలారు. నందిగామలో హోటళ్ళు లేవా అంటే వీధికి రెండున్నాయి. అయినా రోజూ పది గంటలకి బస్సెక్కి, అరగంటకు పైగా కుదుపులు తిని, జగ్గయ్యపేట జాకియా మెస్‌కి పదకొండింటికల్లా వచ్చి కూర్చునేవారు. ఇంత దూరం దేనికండీ అని ఎవరైనా అడిగితే, “డెలీషియస్ కదయ్యా, లాక్కొచ్చింది,” అనేవారు. అడిగినవాడు అక్కడితో దొరికిపోయేవాడు.

ముక్త్యాల నుంచి సిమెంటు లోడు వేసుకెళ్ళే డ్రైవర్లు ఆ మెస్‌లోనే తినేవారు. పాఠం విని వినీ వాళ్ళకి అందులో ఉచ్చు ఒక్కటే బాగా పట్టుబడింది. రోడ్డు మీద ఎక్కడైనా లారీలు ఆపి కాగితాలు చూస్తుంటే ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవారు. “అన్నా, బ్రిడ్జి దిగాక డెలీషియస్ ఉంది, కాగితాలు పైన పెట్టుకో.” కొన్నాళ్ళకి ఆ మాట మైలవరం దాకా పాకింది. అక్కడ టైర్లకి పంక్చర్లు వేసే ఒకాయన రోడ్డు మీది గుంతని కూడా డెలీషియస్ అంటున్నాడని తెలిసి మాస్టారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు తేరుకుని, అర్థం ఎటు పోయినా వేరు మాత్రం చెడలేదులే అని సర్దుకున్నారు.

మెస్ నడిపే జాకియాకి మాత్రం ఈ నవ్వులేవీ ఒంటికి పట్టేవి కావు. మూడేళ్ళ కిందట వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆమె ముక్కునీ నాలుకనీ వెంటబెట్టుకుని పోయింది. నెలకల్లా అవే తిరిగొస్తాయన్నాడు డాక్టరు. మూడేళ్ళయినా రాలేదు. తిరగమోత వేస్తే చిటపటలు వినపడేవి, వాసన వచ్చేది కాదు. కారం ఎక్కువైతే మంట తెలిసేది గానీ అది రుచి కాదు, నొప్పి. అన్నం తింటుంటే తడి కాగితం నములుతున్నట్టుండి రెండు ముద్దలకే లేచిపోయేది. పదిహేనేళ్ళుగా ఊరికి వండిపెట్టిన మనిషికి తన వంట తనకే తెలియకుండా పోయింది. పొయ్యి ముందు నిలబడ్డప్పుడల్లా ఎవరిదో ఇంట్లో దొంగతనంగా వండుతున్నట్టు దిగులుగా ఉండేది.

ఆ దిగులు ఎవరితో చెప్పుకుంటుంది? వండే మనిషికి నాలుక లేదని పొక్కితే ఆ మెట్లు ఎవరెక్కుతారు? భర్త ఇక్బాల్‌కి కూడా చెప్పలేదు. అతను లారీ మీద చెన్నై వెళ్ళి వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఏం పెట్టినా ‘బాగుంది’ అనేవాడు. ఒకసారి చారు అనుకుని పప్పు గిన్నె కడిగిన నీళ్ళు పోసింది. దానికీ ‘బాగుంది’ అన్నాడు, ఇంకొంచెం పొయ్యమన్నాడు. బంగారం లాంటి మనిషే గానీ ఈ పనికి పనికిరాడు. పోనీ గిన్నెలు కడిగి కూరలు తరిగే రత్నమణిని రుచి చూడమందామా అంటే ఆమె బుగ్గలో ఎప్పుడూ జర్దా కిళ్ళీయే. ఏది నోట్లో వేసుకున్నా, “ఉప్పు చాల్లేదక్కా,” అనేది. మజ్జిగకీ అదే మాట, పాయసానికీ అదే మాట.

ఇక మిగిలింది మాస్టారు. ఆయన రాగానే చేతులు కడుక్కుని, వంటగది గుమ్మం పక్కన బల్ల ముందు కూర్చుని, “ఏదమ్మా, అన్ని గిన్నెల్లోంచీ తలో చెంచా,” అనేవారు. జాకియా టెన్త్‌లో ఆయన దగ్గరే చదువుకుని, ఇంగ్లీషులో ముప్ఫై ఆరు మార్కులతో గట్టెక్కింది. ఇప్పటికీ ఆయన ముందు గరిటె పట్టుకుని పరీక్ష హాల్లో నిలబడ్డట్టే నిలబడేది.

“ఎలా ఉందండీ మాస్టారూ? డెలీషియస్సేనా?” అని తనే ఎర వేసేది.

“తొందరపడకు. ఈ పప్పు నన్నెక్కడికీ లాక్కెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, ఉప్పు ఇంకా రాలేదు, కాసేపు కూర్చోండి అంది.”

జాకియా లోపలికెళ్ళి పప్పులో ఉప్పు వేసేది.

“ఈ చారు లాక్కెళ్ళింది గానీ, జుట్టు పట్టుకుని లాక్కెళ్ళింది. చింతపండుకి అంత దూకుడు తగదు.”

చారులో నీళ్ళు పడేవి.

“మరి దాల్చా అండీ?”

“దాల్చా చెయ్యి పట్టుకుంది, నడిపించలేదు. ఇంకో పది నిమిషాలు మగ్గితే నడుస్తుందేమో అడిగి చూడు.”

పెందలాడే తినడానికొచ్చిన డ్రైవర్లు కడుపు పట్టుకుని నవ్వేవారు. రత్నమణి కణత దగ్గర వేలు తిప్పి చూపించేది. జాకియా కూడా పైకి నవ్వేది గానీ లోపల గిల్టీగా ఉండేది. ఒక పెద్దాయనకున్న పిచ్చిని తన అవసరానికి వాడుకుంటున్నానే, ఆయనకి తెలియకుండా ఆయన నాలుకని దొంగిలిస్తున్నానే అని బాధపడేది. ఆ పాపం పోవడానికి మాస్టారి పళ్ళెంలో రెండు గరిటెల గడ్డపెరుగు ఎక్కువ వేసేది. ఆయనకి పెరుగు పడదు, జలుబు చేస్తుంది. అయినా తుమ్ముకుంటూ తినేవారు.

ఇలా నెట్టుకొస్తుండగా మెస్‌కి గడ్డురోజులు వచ్చాయి. హైవే పక్కన రంగురంగుల లైట్లతో కొత్త హోటళ్ళు లేచాయి. వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మెస్ ఉన్న గదుల యజమాని అక్కడ సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటానని మాటల్లో రెండుసార్లు అన్నాడు. సరిగ్గా అప్పుడే ముక్త్యాల వైపు ఒక ఫ్యాక్టరీలో కార్మికులకి రోజూ రెండు వందల భోజనాలు పంపేవాళ్ళు కావాలని తెలిసింది. ఆ సంగతులు చూసే కొండలరావు, సోమవారం పన్నెండున్నరకి వచ్చి తిని చూస్తానన్నాడు. అది దక్కితే మెస్ నిలుస్తుంది. దక్కకపోతే ఆ నెలాఖరుకి గిన్నెలు బోర్లించడమే. ఇంకో దారి లేదు.

ఆదివారం మొదలైన వాన సోమవారం పొద్దునకి కూడా తెరిపివ్వలేదు. వీధిలో నీళ్ళు, మెస్‌లో చీకటి. జాకియా నాలుగింటికే లేచి వంట మొదలుపెట్టింది. దోసకాయ పప్పు, దాల్చా, చారు, కోడికూర. అన్నీ దించి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పదకొండయింది. మాస్టారు రాలేదు. పదకొండూ పదికి ఫోను మోగింది.

“జాకియా, వాగు రోడ్డెక్కింది. బస్సు ఆపేశారు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు,” అన్నారు మాస్టారు.

జాకియా దించిన గిన్నెల కేసి చూసింది. “అయ్యో, జాగ్రత్తండీ మాస్టారూ. నీళ్ళు తీసేదాకా దిగమాకండి. ఇక్కడ నేను చూసుకుంటాలెండి.”

“ఏం చూసుకుంటావు?”

“అదేనండీ, రుచీ అదీ. నేనే చూస్తా.”



“నువ్వెలా చూస్తావమ్మా?” అన్నారు మాస్టారు, చాలా నెమ్మదిగా.

మూడేళ్ళుగా భర్తకి కూడా తెలియకుండా దాచిన సంగతిని ఆయన వాన సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేశారు. జాకియాకి సిగ్గుతో నేలలోకి కుంగిపోవాలనిపించింది.

“మాస్టారూ, మీకు...”

“అది తర్వాత మాట్లాడుకుందాం. టైమెంతయింది? అక్కడ కిళ్ళీ నమలని నోరు ఏదైనా ఉందా?”

ఉన్నది ఒక్కటే. ఇక్బాల్ స్నేహితుడు, లారీ డ్రైవరు నబీ. దారులు మూసుకుపోయి, లారీ పక్కన పెట్టి, తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాడు. జాకియా ఫోను స్పీకర్లో పెట్టి అతని ముందు పెట్టింది.

“ఏరా నబీ, పప్పు నోట్లో పెట్టుకో. ఎలా ఉంది?”

“సూపరండి మాస్టారూ!”

“సూపర్ అంటే లాటిన్లో ‘పైన’ అని. పైనుంచి కిందికి దిగు. ఉప్పెలా ఉంది?”

నబీ కళ్ళు మూసుకుని చప్పరించాడు. “కొంచెం డల్లుగా ఉందండి.”

“డల్లు ఎక్కడ? పెట్టుకోగానేనా, మింగాకనా?”

“మింగాకండి. మింగేశాక నోరు ఊరుకుంటుందండి.”

“భేష్! మూడేళ్ళలో నీకు పాఠం ఒంటబట్టిందిరా. జాకియా, అర చెంచా ఉప్పు.”

బస్సులోంచి ఇంకో గొంతు వినిపించింది. “కాస్త ఇంగువ కూడా వెయ్యమనండి మాస్టారూ.”

“నువ్వు టికెట్లు చూసుకోవయ్యా!” అని మాస్టారు కండక్టర్ని కసిరి మళ్ళీ ఇటు తిరిగారు. “దాల్చా రానీ. లాగుతోందా?”

“లాగుతోందండి. కానీ మధ్యలో వదిలేస్తోందండి.”

“పులుపు చాల్లేదు. కొంచెం చింతపండు పిసుకమ్మా. నబీ, చారు తాగు. ఒక్క గుక్క. గ్లాసు ఖాళీ చెయ్యమాక.”

కోడికూర దగ్గరికొచ్చేసరికి నబీ చెంచాలూ నియమాలూ మర్చిపోయి మూడు ముక్కలు తినేశాడు. మాస్టారు అడిగిన ప్రశ్నకి ఎముక చప్పరిస్తున్న చప్పుడే జవాబుగా ఫోన్లో వినిపించింది. “ఆ గిన్నె జోలికెళ్ళమాక జాకియా, అది సరిగ్గా ఉంది,” అన్నారు మాస్టారు. అంతటితో ఆయన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయి మాట తెగిపోయింది.

పన్నెండున్నరకి గొడుగు ముడుచుకుంటూ కొండలరావు వచ్చాడు. ఆయన ముఖంలో ఏ భావమూ కనిపించదు, తిన్నాడో తిట్టుకున్నాడో తెలియదు. పప్పు కలుపుకున్నాడు. దాల్చా పోసుకున్నాడు. ఆ గుమ్మానికి ఆనుకుని జాకియా, ఈ బెంచీ మీద బిగుసుకుని నబీ, మిగతా బల్లల ముందు ఆ తర్వాత వానకి చిక్కుకుని చేరిన నలుగురు డ్రైవర్లు. ఒక్కరూ నమలడం లేదు. ఆయన దాల్చా రెండోసారి అడిగాడు. పెరుగన్నం ముగించి, చెయ్యి కడుక్కోబోతూ ఆగి, “డెలీషియస్ అమ్మా,” అన్నాడు.

నబీ ఒక్క గెంతున లేచాడు. “ఎక్కడ సార్? ఏ రూట్లో?”

వెనకాల ఇద్దరు డ్రైవర్లు లారీ తాళాలందుకున్నారు. ఒకడు కాగితాల కోసం వానలోకి పరిగెత్తాడు. కొండలరావు ఆ రభస అంతా నోరు తెరిచి చూశాడు. పూర్తి సంగతి తెలియకపోయినా, ఒకటో తారీఖు నుంచి భోజనాలు పంపమని చెప్పి గొడుగు విప్పుకున్నాడు.

రత్నమణి కిళ్ళీ ఉమ్మేసి వచ్చి జాకియాని కావలించుకుంది. జాకియాకి మాత్రం సంతోషం అంత తేలిగ్గా రాలేదు. మెస్ నిలిచినందుకు ఊరట కలిగింది గానీ, ‘నువ్వెలా చూస్తావమ్మా’ అన్న మాట రోజంతా చెవిలోంచి పోలేదు. తనే ఆయన్ని మోసం చేస్తున్నానని మూడేళ్ళు కుమిలిపోయింది. అసలు ఎవరు ఎవర్ని మోసం చేసినట్టు?

వాగు సాయంత్రానికి తీసింది. మాస్టారు ఆరు గంటలు బస్సులోనే ఉండి, తిండి లేకుండా తిరిగి నందిగామ చేరారని మర్నాడు కండక్టరు చెప్పగా తెలిసింది. అదే రోజు, ఎప్పటిలాగే పదకొండింటికి, మాస్టారు తడి చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికొచ్చి మామూలు చోట కూర్చున్నారు.

జాకియా చెంచాలు తేలేదు. ఎదురుగా నిలబడింది. “ఎప్పట్నుంచి తెలుసండీ మీకు?”

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “నీ జ్వరం తగ్గి మెస్ తెరిచిన వారం. పెన్షన్ కాగితాల పని మీద ఈ ఊరొచ్చా. ఆకలేసి ఇటొచ్చా. పప్పు మాడిన కంపు వీధి మొదట్లోనే తగిలింది. లోపలికొస్తే నువ్వు ఆ గిన్నె ముందే కూర్చుని బియ్యం ఏరుతున్నావు. నన్ను చూసి, ‘రండి మాస్టారూ, వేడిగా పప్పుంది’ అని నవ్వావు.”

“అప్పుడే చెప్పేయాల్సిందండీ.”

“చెబితే నువ్వు ఆ రోజే మెస్ మూసేద్దువు. నీ సంగతి నాకు తెలియదూ? మార్కులు తక్కువొస్తే వారం బడి మానేసిన దానివి. పోనీ మామూలుగా, రోజూ వచ్చి ఉప్పు తక్కువైంది, పులుపు ఎక్కువైంది అంటే, ఈయన రోజూ ఎందుకు చెబుతున్నాడు, ఈమె రోజూ ఎందుకు అడుగుతోంది అని నలుగురూ ఆలోచిస్తారు. అదే లాటిన్ కలిపి చెబితే ఒక్కడూ ఆలోచించడు. పిచ్చోడని నవ్వుకుని ఊరుకుంటాడు.”

“అంటే ఆ లాక్కెళ్ళడం, ఉచ్చూ, అవన్నీ కల్పించారాండీ?”

మాస్టారి వేలు చటుక్కున పైకి లేచింది. “కల్పించడమా! ఒక్కక్షరం కల్పితం కాదు! కాకపోతే సర్వీసులో ఉండగా ఆ మాట ఏడాదికోసారి, పాఠంలో వచ్చినప్పుడు చెప్పేవాణ్ణి. నీకోసం రోజూ చెప్పా.”

జాకియాకి ఇప్పుడు అర్థమైంది. ఈ మనిషి ఊరందరి చేతా పిచ్చోడనిపించుకున్నది తన గుట్టు కాపాడటానికి. బస్సు కుదుపులు తిన్నదీ, పడని పెరుగు తిని తుమ్మిందీ అందుకే. ఆమె అన్నాళ్ళూ మోసిన బరువు ఒక్కసారిగా దిగిపోయింది. రాత్రే అనుకున్న మాటని ఇప్పుడు ధైర్యంగా బయటపెట్టింది.

“ఇంక దాచనండీ మాస్టారూ. రెండొందల మందికి వండుతూ ఈ దొంగాట నా వల్ల కాదు. ఇక్బాల్‌కి రాత్రే ఫోన్లో చెప్పేశా. ఇవాళ అందరికీ చెప్పేస్తా. నబీ ఉన్నాడు, ఆ డ్రైవర్లున్నారు. తలా ఓ చెంచా రుచి చూసి చెబుతారు.”

“మంచిది. చాలా మంచిది,” అన్నారు మాస్టారు. అంటూనే బల్ల మీద లేని మెతుకుని గోటితో గీకడం మొదలుపెట్టారు. తలెత్తకుండానే అడిగారు. “మరి రేపట్నుంచి నేను ఏమని రావాలమ్మా?”

జాకియాకి అప్పుడు ఆ నందిగామ ఇల్లు కళ్ళకి కట్టింది. పది గంటల బస్సు లేకపోతే ఆ ఇంట్లో పొద్దు ఎలా గడుస్తుందో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది.

“ఏమని ఏంటండీ? ఆకలేసి రండి.”

“పదకొండింటికి నాకు ఆకలెయ్యదు. ఒంటిగంటకి వేస్తుంది.”

“అయితే పదకొండింటికి రుచి చూడ్డానికి రండి, ఒంటిగంటకి తినడానికి ఉండండి. మధ్యలో ఊరికే కూర్చోబెట్టేది లేదు. రెండొందల మందికి వంటంటే మాటలా? ఉల్లిపాయలు ఒలవండి.”

ఆమె గంప తెచ్చి ఆయన ముందు పెట్టింది. మాస్టారు ఒక ఉల్లిపాయ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళజోడు మెల్లగా నుదుటి మీదికి ఎక్కింది.

“ఆనియన్,” అన్నారు. “ఇది లాటిన్లో ‘ఊనియో’. ఇన్ని పొరలున్నా విడిపోకుండా ఒక్కటిగా ఉంటుందని ఆ పేరు. యూనియన్ అనే మాటా, ఇదీ ఒక తల్లి పిల్లలు.”

“మా లారీ యూనియనా మాస్టారూ?” అన్నాడు అప్పుడే గుమ్మంలోకి వచ్చిన నబీ.

“ఓరి దేవుడోయ్, అక్కా, ఇంకో మాట మొదలైంది!” అంది రత్నమణి లోపల్నుంచి.

జాకియా స్టవ్ మంట తగ్గించి, పీట వేసుకుని మాస్టారి ఎదురుగా కూర్చుంది. “మీరు చెప్పండి మాస్టారూ,” అంది.